గాల్ బ్లాడర్ ఆపరేషన్ జాగ్రత్తలు మత్తు ఇవ్వకముందే చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆరోగ్యం పేజీలో గాల్ బ్లాడర్ (పిత్తాశయం) రాళ్ల మీద వచ్చిన వ్యాసం చదివానండి. బాగానే రాశారు, రాళ్లు ఎందుకొస్తాయి, స్కానింగ్‌లో ఎలా కనిపిస్తాయి, నాలుగు చిన్న రంధ్రాలతో ఆపరేషన్ ఎలా చేస్తారు అన్నీ ఉన్నాయి, కానీ చివర్లో "మర్నాడే ఇంటికి వెళ్లిపోవచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడ ఆగలేక ఈ ఉత్తరం రాస్తున్నా. నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఆపరేషన్ గంటలో అయిపోతుంది నిజమే, కానీ దానికి ముందు రోజు, ఆ తర్వాత వారం పేషెంట్ ఎలా ఉండాలి అనేది సర్జన్ గారి చేతిలో కంటే మా చేతిలో, ఇంట్లోవాళ్ల చేతిలో ఎక్కువ ఉంటుంది, దాని గురించి ఎవరూ రాయరు.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఆపరేషన్ తర్వాత పాటించాల్సిన జాగ్రత్తలు ఆపరేషన్‌కి ముందే చెప్పాలి, డిశ్చార్జ్ రోజు కాదు.

ఎందుకంటే, 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే సర్జన్ మొదటిసారి గాల్ బ్లాడర్ తీసిన దగ్గర్నుంచి వందేళ్ల దాకా పొట్ట కోసి తీయడమే పద్ధతి, 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రంలోంచి పంపే కెమెరా గొట్టంతో, అంటే లాప్రోస్కోప్‌తో చేశాక గానీ మార్పు మొదలవ్వలేదు. పెద్ద కోత ఉన్న రోజుల్లో పేషెంట్ రోజుల తరబడి వార్డులోనే ఉండేవాళ్లు, డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఒక మాట, ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఒక మాట, అలా వెళ్లేలోపు అన్నీ చెవిన పడిపోయేవని మా సీనియర్ సిస్టర్లు చెప్తుంటారు. ఇప్పుడు ఒక రాత్రి ఉంటే ఎక్కువ, కొన్నిచోట్ల పొద్దున చేసి సాయంత్రమే పంపేస్తున్నారు. నేను దానికి వ్యతిరేకం కాదు, ఎంత తొందరగా లేచి తిరిగితే అంత మంచిది. కాకపోతే ఉండే రోజులు తగ్గాయి గానీ చెప్పాల్సిన మాటలు తగ్గలేదు కదా.

డిశ్చార్జ్ టైమ్‌లో ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. పేషెంట్ బట్టలు మార్చుకుని మంచం అంచున కూర్చుని ఉంటారు, చేతికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) తీసిన చోట దూది నొక్కి పట్టుకుని. కొడుకు బిల్లు కౌంటర్ దగ్గర, కూతురు మందుల షాపు దగ్గర, వార్డు బయట ఇంకో పేషెంట్ అదే బెడ్ కోసం స్ట్రెచర్ మీద వెయిటింగ్. ఆ హడావిడిలో నేను కాగితం పట్టుకుని ఇది తినకండి, అది ఎత్తకండి, ఇలా అయితే రండి అని చెప్తుంటే పేషెంట్ అన్నిటికీ "సరే సిస్టర్, సరే సిస్టర్" అంటారు, ఒక్క ముక్క బుర్రకెక్కి ఉండదు. అంతకుముందు రోజు మత్తు దిగాక చెప్పినవి అయితే అసలు గుర్తే ఉండవు, మత్తుకి ముందు ఇచ్చే కొన్ని మందులకి ఆ కాసేపు జరిగినవి మర్చిపోయేలా చేసే గుణం ఉంది మరి. పేషెంట్ తప్పేం లేదు, మనం ఎంచుకున్న టైమ్‌దే తప్పు.

ఇంక ముందు రోజు చెప్పాల్సినవి ఏంటంటే, మొదటిది ఖాళీ కడుపు. దీంట్లో రెండు రకాల గొడవలు. ఒకళ్లు రాత్రి 8కి తిని పడుకుని మర్నాడు మధ్యాహ్నం ఆపరేషన్ అయ్యేదాకా చుక్క నీళ్లు తాగకుండా నాలుక పిడచకట్టుకుని ఉంటారు. ఇంకొకళ్లు "ఒక్క గుక్క పాలే కదా" అని మాకు తెలీకుండా తాగించేస్తారు. మత్తు డాక్టర్లు మామూలుగా పాటించేది తేలికపాటి ఆహారానికి 6 గంటలు, నూనె కొవ్వు ఎక్కువున్న భోజనానికి ఇంకా ఎక్కువ, మంచినీళ్ల లాంటి తేట ద్రవాలకి 2 గంటలు. పాలు తేట ద్రవం కాదు, కడుపులోకి వెళ్లాక విరిగి గట్టిపడతాయి, అందుకే వాటిని ఆహారం కిందే లెక్కేస్తారు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది, ఈ కారణం చెప్తే ఎవరూ దొంగతనంగా తాగించరు, "ఏమీ తాగకూడదు" అని ఆర్డర్ వేసినట్టు చెప్తేనే సమస్య. షుగర్, గ్యాస్ట్రిక్ సమస్యలు ఉన్నవాళ్లకి టైమ్ మారొచ్చు, కాబట్టి ఎన్ని గంటలకి ఆపాలో మత్తు డాక్టర్ గారినే అడిగి గడియారం టైమ్ రాయించుకోండి.

రెండోది మందులు. ఏం మాత్రలు వేసుకుంటున్నారు అంటే "బీపీకి ఒకటి, తెల్లది చిన్నది" అంటారు. అలా కాదండీ, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకురావాలి, ఆకు మందులు, పొడులు, నొప్పి మాత్రలు సహా. రక్తం పలచబడే మందులు ఎప్పుడు ఆపాలి, అసలు ఆపాలా వద్దా అనేది గుండె డాక్టర్, సర్జన్ కలిసి చెప్పాల్సింది, ఎవరికి వాళ్లు ఆపేసుకుంటే గుండె రక్తనాళంలో స్టెంట్ ఉన్నవాళ్లకి పెద్ద ప్రమాదం. షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఆపరేషన్‌కి 3 రోజుల ముందే ఆపమంటారు, ఇవి వేసుకుంటూ ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పెరిగిపోవచ్చు. అడ్మిషన్ రోజు వచ్చి చెప్తే ఆ 3 రోజులు ఎక్కణ్నుంచి తెస్తాం, ఆపరేషన్ వాయిదా, అందరికీ చిరాకు.

ఇంట్లో బ్లేడుతో పొట్ట మీద వెంట్రుకలు గీసుకుని రావద్దు, కంటికి కనిపించని గాట్లు పడి ఇన్ఫెక్షన్‌కి దారి అవుతుంది, తీయాల్సి ఉంటే మేమే క్లిప్పర్‌తో తీస్తాం. స్నానం చేసి రండి, బొడ్డు శుభ్రంగా ఉండాలి, ఒక రంధ్రం సాధారణంగా అక్కడే పెడతారు. నెయిల్ పాలిష్, కట్టుడు పళ్లు, నగలు ఇంట్లోనే.

కన్సెంట్ ఫారం, అంటే ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ పెట్టే సంతకం కాగితం గురించి కాస్త చెప్పాలి. ఆపరేషన్ వివరించాల్సింది సర్జన్ గారే, మా పని పేషెంట్‌కి అది అర్థమైందో లేదో చూడ్డం, కాకపోతే మళ్లీ డాక్టర్ని పిలవడం. నేను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతా, "లాప్రోస్కోపీతో మొదలుపెట్టి మధ్యలో కోత పెట్టి తీయాల్సి రావచ్చని చెప్పారా మీకు?" అని. చాలామంది తెల్లబోతారు. లోపల వాపు ఎక్కువుండి అన్నీ అతుక్కుపోయి పైత్యరసం వెళ్లే గొట్టం, అదే పైత్యనాళం, ఎక్కడుందో స్పష్టంగా కనిపించనప్పుడు కోత పెట్టడం ఫెయిల్ అవ్వడం కాదు, పేషెంట్ సేఫ్టీ కోసం చేసే పని. ఆ సంగతి ముందే తెలిస్తే సరే, తెలీకుండా మత్తు దిగి లేచి చూసుకుంటే పక్కటెముకల కింద జానెడు కట్టు, నాలుగు రంధ్రాలన్నారు కదా అని ఏడుస్తారు, నర్సుల మీద కోప్పడతారు, వాళ్ల బాధ వాళ్లది.

పేరేంటి, ఏం ఆపరేషన్, ఏవైనా ఎలర్జీలున్నాయా అని వార్డులో అడిగి, ఓటీ (ఆపరేషన్ థియేటర్) గుమ్మం దగ్గర అడిగి, టేబుల్ మీద మళ్లీ అడుగుతున్నారు, వీళ్లకి మతిమరుపా అని విసుక్కుంటారు చాలామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక సర్జరీ చెక్‌లిస్ట్ తెచ్చింది, 19 అంశాలు, మత్తుకి ముందు, కోతకి ముందు, ఓటీ వదిలే ముందు మూడుసార్లు ఆగి చూసుకోవాలి. 8 నగరాల్లో 8 ఆస్పత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో రిపోర్ట్ వచ్చింది. కాబట్టి పదిసార్లు అడిగినా ఓపిగ్గా చెప్పండి.

ఇంక నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది రిహార్సల్. అవును, రిహార్సలే. ముందు రోజు నొప్పి లేనప్పుడే మంచం మీద నుంచి ఎలా లేవాలో చేయించి చూపించాలి. వెల్లకిలా పడుకున్నవాళ్లు ఒక్క ఊపున పైకి లేస్తే పొట్ట కండరాల మీద బరువంతా పడి ప్రాణం పోయినట్టుంటుంది. మోకాళ్లు మడిచి, మొత్తం ఒళ్లు ఒకే కట్టలా పక్కకి తిప్పి, కాళ్లు మంచం కిందకి వదులుతూ మోచేత్తో పరుపుని నొక్కి లేవాలి, లేచాక ఒక నిమిషం కూర్చుని తల తిరగట్లేదని చూసుకుని అప్పుడు నిలబడాలి. దగ్గు వస్తే చిన్న దిండు పొట్టకి ఆనించి రెండు చేతులతో పట్టుకుని దగ్గాలి. ఊపిరి వ్యాయామానికి మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తాం కదా, సగం మంది దాన్ని బుడగలా ఊదుతారు, అది ఊదేది కాదు పీల్చేది, నెమ్మదిగా లోపలికి పీల్చి బంతి పైన ఉండగా రెండు మూడు సెకన్లు ఊపిరి బిగబట్టాలి. ఇదంతా నేర్పడానికి పది నిమిషాలు చాలు. ఆపరేషన్ అయ్యాక నేర్పుదామంటే నొప్పితో వాళ్లూ వినరు, జాలేసి మనమూ చెప్పలేం.

ఇంకో ప్రశ్న, "బస్సులో వెళ్తే వాంతులవుతాయా మీకు?" ఆపరేషన్‌కి దీనికి సంబంధమేంటి అని నవ్వుతారు. ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లకి, ఆడవాళ్లకి, సిగరెట్ అలవాటు లేనివాళ్లకి మత్తు తర్వాత వాంతులు ఎక్కువ (సిగరెట్‌కి అనుకూలంగా చెప్పగలిగేది ఇదొక్కటే అనుకుంటా, అలాగని మొదలుపెట్టకండి!). ముందే తెలిస్తే మత్తు డాక్టర్ గారు దానికి తగ్గట్టు ఇంజెక్షన్లు ఇస్తారు, కుట్లు లాగేలా రాత్రంతా కక్కుకునే బాధ తప్పుతుంది.

ఆపరేషన్ అయ్యి బయటికి వచ్చాక మొదటి గంట 15 నిమిషాలకోసారి బీపీ, పల్స్, ఆక్సిజన్ చూస్తాం, తర్వాత అరగంటకి, తర్వాత గంటకి. ఇప్పుడే కదా చూశారు మళ్లీ లేపుతారేంటి అని బంధువులు అంటుంటారు. లోపల రక్తస్రావం అయితే చాలాసార్లు ముందు పల్స్ పెరుగుతుంది, బీపీ పడిపోవడం తర్వాత, బీపీ బాగుంది కదా అని ఊరుకుంటే ఆలస్యమైపోతుంది. పల్స్ 80, 92, 104 అని కేస్ షీట్‌లో వరసగా ఎక్కుతూ కనిపిస్తే చాలు, డాక్టర్‌కి ఫోన్ వెళ్లిపోవాలి. అలాగే ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు మూత్రం వచ్చిందా లేదా అని అడుగుతాం, సిగ్గుపడి వచ్చిందని అబద్ధం చెప్పొద్దు. డ్రెయిన్ (లోపలి ద్రవం బయటికి వచ్చే గొట్టం) పెట్టి ఉంటే రంగు చూస్తాం, లేత ఎరుపు అయితే కంగారు లేదు, చిక్కటి ఎర్ర రక్తం వచ్చినా, పసుపు పచ్చగా, ఆకుపచ్చగా పైత్యరసం వచ్చినా వెంటనే చెప్పాలి. ఆ గొట్టాన్ని మెలితిరక్కుండా, సంచి పొట్ట కంటే కిందకి ఉండేలా చూసుకోవాలి, మంచం మీద పక్కన పెట్టేసుకుంటారు చాలామంది.

రాత్రి డ్యూటీలో తప్పకుండా వచ్చే కంప్లైంట్ ఒకటుంది. కుడి భుజం పట్టుకుని కూర్చుని "పొట్టకి ఆపరేషన్ చేస్తామని చెప్పి భుజం ఏం చేశారమ్మా" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు, పక్కనున్న వాళ్లావిడ అది గుండెపోటే అని దేవుళ్లందరికీ మొక్కేస్తోంది. విషయం ఏంటంటే లాప్రోస్కోపీలో లోపల చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, అయిపోయాక తీసేస్తారు గానీ కొంచెం మిగిలిపోతుంది, అది ఛాతీకి, పొట్టకి మధ్య గోడలా ఉండే డయాఫ్రమ్‌ని రేపుతుంది, డయాఫ్రమ్‌కి వెళ్లే నరం, భుజం చర్మానికి వెళ్లే నరాలు మెడ దగ్గర ఒకే చోట నుంచి బయల్దేరతాయి కాబట్టి మెదడుకి భుజం నొప్పిగా తెలుస్తుంది. సాధారణంగా రెండు మూడు రోజుల్లో అదే పోతుంది, లేచి నాలుగడుగులు నడిస్తే, ఎడమ పక్కకి తిరిగి మోకాలు మడిచి పడుకుంటే కొంత తేలిక. ఆయనకి కూడా పల్స్, బీపీ చూసి, ఈసీజీ తీయించి, డాక్టర్ గారికి చెప్పాకే సర్దిచెప్పాం, ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే గ్యాసేలే అని ఎవరూ ఊరుకోకూడదు. ముందు రోజే ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ రాత్రి ఆ ఇద్దరూ అంత భయపడేవాళ్లు కాదు.

ఆ సాయంత్రమే నడిపిస్తాం, అది మా రాక్షసత్వం కాదు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోకుండా, పేగులు కదలడానికి. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే ఓర్చుకుంటున్నాం అని గొప్ప కోసం తక్కువ చెప్పొద్దు, నొప్పితో ఉన్నవాళ్లు గట్టిగా ఊపిరి పీల్చరు, నడవరు. నొప్పి మాత్రలు టైమ్‌కి వేసుకోవాలి, భరించలేనంత అయ్యాక కాదు.

ఇంటికి వెళ్లాక అందరి భయం తిండి గురించే. గాల్ బ్లాడర్ తీసేస్తే ఇక జీవితాంతం పథ్యమే అనుకుంటారు. పైత్యరసాన్ని తయారుచేసేది లివర్, రోజుకి అర లీటర్ పైనే చేస్తుంది, గాల్ బ్లాడర్ దాన్ని ఒక 30, 50 మిల్లీలీటర్లు చిక్కబరిచి దాచుకునే సంచి అంతే. ట్యాంకు తీసేసి పైపు డైరెక్ట్‌గా కలిపినట్టు, ఇప్పుడు రసం కొంచెం కొంచెంగా ఎప్పుడూ పేగులోకి పడుతుంటుంది, అందుకే ఒకేసారి నూనె ఎక్కువున్నది తింటే కొందరికి విరేచనాలవుతాయి. కొన్ని వారాలు కొవ్వు తగ్గించి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటూ మెల్లగా మామూలుకి రావచ్చు. నెలలు గడిచినా విరేచనాలు తగ్గకపోతే దానికి మందులున్నాయి, డాక్టర్‌కి చెప్పుకోవాలి. 48 గంటల తర్వాత స్నానం చేయొచ్చు, గాయం రుద్దకుండా మెత్తగా తుడుచుకోవాలి, పసుపు పొడి, ఇంకేవో పొడులు చల్లొద్దు. బరువులు, బండి నడపడం ఎప్పుడు అనేది కోతని బట్టి, మీ సర్జన్ చెప్పినట్టు. బయాప్సీ రిపోర్ట్ (తీసిన గాల్ బ్లాడర్‌ని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చేది) తీసుకోవడం మర్చిపోకండి, రాళ్లు మాత్రం చిన్న సీసాలో వేయించుకుని పదిలంగా పట్టుకెళ్తారు, రిపోర్ట్ వదిలేస్తారు!

ఇప్పుడు అసలైన మాట. ఈ ఆపరేషన్ అయినవాళ్లు రోజు రోజుకీ తేలికపడాలి. నిన్నటికంటే ఇవాళ నొప్పి తక్కువ, ఆకలి ఎక్కువ ఉండాలి. మొదటి రోజు బాగుండి మూడో రోజో నాలుగో రోజో నొప్పి పెరుగుతోంది, పొట్ట ఉబ్బుతోంది, తినబుద్ధి కావట్లేదు అంటే అది గ్యాస్ కాదు అనుకునే బయల్దేరాలి. పైత్యరసం లోపల కారడం, నాళానికి దెబ్బ తగలడం అరుదే, కానీ జరిగితే చాలాసార్లు డిశ్చార్జ్ అయ్యాకే బయటపడుతుంది, అప్పటికి మేం పక్కన ఉండం. 101 డిగ్రీలు దాటిన జ్వరం, చలి వణుకు, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, మలం తెల్లగా మట్టిరంగులో రావడం, ఒళ్లంతా దురద, ఆగని వాంతులు, గాయం నుంచి చీము, ఒక కాలు పిక్క వాచి నొప్పి, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా రివ్యూ తేదీ దాకా ఆగకూడదు. నాళంలో ఒక రాయి మిగిలిపోయినా కామెర్లు రావచ్చు. వీటిని మీ పేపర్లో ఒక చిన్న బాక్స్ కట్టి వేయండి సార్, జనం కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకుంటారు.

మరి ఇవన్నీ మీరే ముందు చెప్పొచ్చుగా అంటారా. చెప్తున్నాం, టైమ్ ఉన్నప్పుడు. ఒక్క నర్సు చేతిలో ఎక్కువమంది పేషెంట్లు ఉన్నప్పుడు ఇంజెక్షన్ ఆగదు, బీపీ చూడటం ఆగదు, ఎందుకంటే వాటికి కేస్ షీట్‌లో గడి ఉంది, సంతకం ఉంది. మాట్లాడటానికి గడి లేదు, కాబట్టి మొదట ఎగిరిపోయేది అదే. అమెరికాలో పెన్సిల్వేనియా ఆస్పత్రుల్లో సర్జరీ పేషెంట్ల మీద లిండా ఐకెన్ బృందం చేసిన స్టడీ 2002లో వచ్చింది, నర్సుకి ఒక్కో పేషెంట్ అదనంగా పెరిగేకొద్దీ 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది అందులో. నర్సుల సంఖ్య పెంచండి అంటే ఖర్చు అంటారు, సరే, ముందు ఒక పని చేయండి, ఆపరేషన్‌కి ముందు జాగ్రత్తలు చెప్పాం అనే గడి ఒకటి కేస్ షీట్‌లో పెట్టండి, పేషెంట్ తిరిగి తన నోటితో చెప్పాకే సంతకం. అది నింపకుండా ఓటీకి పంపకూడదు అని రూల్ పెడితే ఆ పది నిమిషాలు ఎలాగోలా దొరుకుతాయి.

చివరిగా పాఠకులకి ఒకటి. డిశ్చార్జ్ కాగితం మీద ఓపీ టైమింగ్స్ ఉంటాయి, రాత్రి 2 గంటలకి ఎవరికి ఫోన్ చేయాలో చాలా కాగితాల మీద ఉండదు. అడ్మిట్ అయిన రోజే ఆ నంబర్ అడిగి తీసుకోండి, రాత్రి పూట కూడా ఎత్తే నంబరేనా అని అడగండి, మంచం దగ్గర నిలబడే ఒకసారి డయల్ చేసి చూడండి, ఎవరూ ఎత్తకపోతే ఇంకో నంబర్ ఇచ్చేదాకా కదలొద్దు.

ఇట్లు,
సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సు
(పేరు వేయొద్దని మనవి)